వినపడలేదనడం నేర్చుకుంటున్న సిలారు

"ఆగండక్కా, మాట్లాడమాకండి. అదిగో... కిర్రు, కిర్రు, కిర్రు. వినపడిందా?"

వినపడిందన్నాను.

"ఏందది? చెప్పండి!"

"ఫ్యానే కదయ్యా."

"ఫ్యానే! మా ఇంట్లో ఫ్యానే! పద్నాలుగేళ్ళ నుంచి దీని కిందే పడుకుంటన్నా. ఇది కిర్రుమంటదని నాకు నిన్నగాక మొన్న తెలిసింది. మా ఆవిడ నూనె చుక్క వేయించమని ఎన్నిసార్లు పోరిందో! బాగా తిరిగే ఫ్యానుకి వంకలు పెడతదేందా అనుకునేవాణ్ణి. ఉండండి, స్టూలు యాడ పెట్టా... మా ఆవిడ బస్సు దిగేలోపు ఈ నూనె పని కానిచ్చేస్తా."

సిలారు గోడ గడియారం వంక చూశాడు. రెండున్నర అయింది. వినుకొండ వైపు నుంచి రెండు బస్సులు మారి, నాలుగింటికి నసీమున్నీసా చీమకుర్తిలో దిగుతుంది. ఆరు నెలల తర్వాత సొంత ఇంటికి వస్తోంది. అయితే ఉండిపోవడానికి కాదు. "వారం రోజులుండి చూస్తా. ఆ తర్వాత ఇక్కడే ఉండేదీ, మళ్ళీ మా అక్క దగ్గరికి పోయేదీ నేను చెబుతా" అందట. ఆ వారం ఈ సాయంత్రమే మొదలవుతుంది.

నసీమున్నీసా పదేళ్ళుగా నా జాకెట్లు కుడుతున్న మనిషి. సూది పళ్ళ మధ్య పెట్టుకుని కూడా తెంపు లేకుండా మాట్లాడగలదు. ఫిబ్రవరి నుంచి ఆమె కుట్టుమిషను మీద దుప్పటి కప్పే ఉంది. అమ్మ వస్తోందని ఒంగోల్లో నర్సింగు చదువుతున్న వాళ్ళ అమ్మాయి ఉజ్మా ఫోను చేస్తే, చూసిపోదామని నేను కాస్త ముందే వచ్చాను. తీరా చూస్తే దుప్పటి తీసేసి ఉంది. మిషను తుడిచి, చక్రానికి కొత్త బెల్టు వేయించి, పక్కన గ్లాసులో కనకాంబరాలు కూడా పెట్టాడు సిలారు. అతని కుడి చెవి వెనక బఠాణీ గింజంత వినికిడి మిషను ఉంది. ఒళ్ళు రంగులోనే ఉండటంతో చెబితే గానీ కనపడదు. దాన్ని మాటిమాటికీ తడుముకుంటున్నాడు, అరచేతిలోకి దొరికిన పిట్ట ఎగిరిపోతుందేమోనన్నట్టు.

"సౌండు ఎక్కువైతే చెప్పండక్కా, నా గొంతు తగ్గిస్తా. నా గొంతు ఇంత పెద్దదని గూడా నాకు ఇప్పుడే తెలిసింది!"

సిలారుకు నలభై ఏడేళ్ళు. ఇరవయ్యో ఏట గ్రానైటు కటింగ్ యూనిట్లో చేరాడు. క్వారీ నుంచి లారీ మీద దిగిన బండను పలకలుగా కోసే యంత్రం దగ్గర పని. బ్లేడు రాయిలోకి దిగేటప్పుడు వచ్చే మోత ఎలా ఉంటుందని అడిగాను.

"మోత అనకూడదు దాన్ని. అది చెవిలోకి రాదక్కా, పళ్ళలోకి ఎక్కుద్ది."

అక్కడ నోటి మాటతో పని లేదు. అంతా చేతులతోనే. రెండు వేళ్ళు ఊపితే నీళ్ళు పెంచమని. పిడికిలి బిగిస్తే యంత్రం ఆపమని. అరచేయి నిలువుగా ఎత్తి చూపిస్తే, "సరే, అర్థమైంది, ఇక చెప్పక్కర్లేదు" అని.

"చెవుల్లో ఏమీ పెట్టుకునేవాళ్ళు కాదా?"

"కొత్తగా చేరినోడు ఎవడన్నా దూది పెట్టుకుంటే వాడి పని అయిపోయినట్టే. 'ఏరా, పెళ్ళికొడుకువా? అత్తరు దూది పెట్టుకొచ్చావు' అని ఏడిపించేవాళ్ళం. రెండో రోజుకి తీసి పారేసేవాడు. మా తాత దూదేకి పరుపులు కుట్టేవాడక్కా. నా చిన్నప్పుడు ఇంటి నిండా దూదే. అన్నంలో గూడా వచ్చేది. అట్టాంటోడి మనవణ్ణి, చెవిలో గోలీ అంత దూది పెట్టుకోలేకపోయా."

అని గట్టిగా నవ్వాడు. నవ్వు సగంలో తన గొంతు తనకే వినపడి తగ్గించుకున్నాడు.

నసీమున్నీసా వెళ్ళిపోయిన తీరు చెబితే గానీ మిగతాది అర్థం కాదు. వినుకొండ దగ్గర పల్లెలో ఆమె అక్క వాళ్ళు ఎకరంన్నర మిరప వేశారు. కోతల రోజుల్లో ఆడవాళ్ళు చుట్టాల ఊళ్ళకు పోయి నెలా రెండు నెలలు ఉండటం ఇక్కడ మామూలే. ఎవరూ ఆరా తీయరు. అలిగి ఇల్లు దాటే మనిషికి అంతకంటే మర్యాదైన దారి దొరకదు. "కోతలకి పోతన్నా" అని ఫిబ్రవరిలో బస్సెక్కింది. మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. కాయలు కోశారు, కల్లంలో ఆరబోశారు, తాలుకాయ ఏరారు, టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు తోలేశారు. చేలో మిరపకట్టె కూడా పీకేశారు. ఆమె మాత్రం రాలేదు.

"నాకు తెలియలా అక్కా, నిజంగా తెలియలా! మే నెలలో మా మార్కుగాడు అడిగాడు. 'ఒరేయ్ సిలారూ, ఈ ఎండలో ఇంకా ఏం కాయలు కోస్తందిరా మా చెల్లెమ్మ?' అని. అప్పుడు వెలిగింది."

మార్కు పక్కింటాయనే. అదే యూనిట్లో పాలిష్ మిషను దగ్గర చేస్తాడు. పెద్దమనుషుల్ని తీసుకుని వినుకొండ పోదామన్నది అతని సలహా. ఆ కబురు ఉజ్మా ద్వారా వెళితే, తల్లి దగ్గర్నుంచి తిరుగు జవాబు వచ్చింది.

"పంచాయతీలో గెలిచేది గట్టిగా అరిచేవాడమ్మా. అరుపుల్లో మీ నాన్నకి ఈ జిల్లాలో సాటి లేదు. నేను కూర్చోను."

ఉజ్మా వాళ్ళ కాలేజీకి ఒకసారి క్లాసు చెప్పడానికి రెబ్కా గారని ఒకావిడ వచ్చారు. గుంటూరులో ఉంటారు. విడిపోదామా కలిసుందామా అని తేల్చుకోలేని దంపతులకూ, ఉన్నట్టుండి ఉద్యోగమో మనిషో దూరమై బతుకు దారి మారినవాళ్ళకూ ఫోన్లో వీడియో పెట్టుకుని కౌన్సెలింగ్ చేస్తారు. ఉజ్మా ముందు తల్లిని ఒప్పించింది. ఆమె ఒక్క మాటతో ఒప్పుకుంది. తండ్రితోనే కష్టమైంది.

"ఫోన్లో కాపురాలు బాగుచేస్తారా? రీచార్జి అయిపోతే కాపురం గూడా అయిపోద్దా?" అన్నాడట సిలారు.

"నాన్నా, నీ కాపురానికి ఇప్పుడు సిగ్నలే లేదు. ముందు అది రానీ."

మొదటి ఆదివారం పదింటికి సిలారు ఉతికిన చొక్కా వేసుకుని డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక కూర్చున్నాడు. కింద రోడ్డు మీద టిప్పర్లు. ఫోన్లో మూడు గళ్ళు. ఒక గడిలో తను, ఒక గడిలో కళ్ళజోడు పెట్టుకున్న రెబ్కా గారు, మూడో గడిలో ఖాళీ కల్లం పక్క పాకలో, మడతపెట్టిన టార్పాలిన్ పట్టా మీద కూర్చున్న నసీమున్నీసా. కాయలు పోయినా ఘాటు పోలేదేమో, దగ్గుతోంది.

రెబ్కా గారు పెట్టిన నియమం ఒకటే. ఒకరు మాట్లాడినంతసేపూ రెండోవారు వినాలి. ఆ తర్వాత జవాబు చెప్పకూడదు, విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి.

నసీమున్నీసా మొదలుపెట్టింది.

"నేను నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెడతాడండీ. ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే వరస. అన్నం పెట్టమంటావా అన్నా చెయ్యే. ఒంట్లో బాగాలేదన్నా చెయ్యే. మా అమ్మ పోయిందని కబురొచ్చి చెబితే గూడా చెయ్యే! కుక్కనన్నా ఛీ అంటారు. నాకు ఆ మాట గూడా లేదు." అంటూ, ఎలా పెడతాడో అరచేయి నిలువుగా ఎత్తి చూపించింది.

"ఇంక చూడండక్కా నా తెలివి!" సిలారు స్టూలు మీదే నిలబడి నూనె డబ్బా ఊపాడు. "ఫోన్లో మా ఆవిడ నాకు చెయ్యెత్తి చూపిస్తంది. ఓహో, సరే అర్థమైందంటంది అనుకున్నా. అనుకుని నేనూ చెయ్యెత్తా!"

రెబ్కా గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారట. "సిలార్ గారూ, ఇప్పుడు మీరు ఎత్తిన చేతికి అర్థమేంటండీ?"

"సరే, అర్థమైందని మేడమ్. మా యూనిట్లో అంతే గదా. అందరం అట్టాగే చెప్పుకుంటాం."

మూడో గడిలో దగ్గు ఆగిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదని నసీమున్నీసా తర్వాత కూతురితో అన్నది. ఇరవై రెండేళ్ళుగా ఆమె 'నోరుముయ్యి' అని చదువుకున్నది, అతను 'సరేలే' అని రాసినదాన్ని.

అంతటితో చిక్కు విడిపోయినట్టే అనిపించింది సిలారుకు. అసలుది రెండో ఆదివారం బయటపడింది. అవతల గాలీ వానా. నసీమున్నీసా బొమ్మ కదలకుండా నిలిచిపోతోంది. "వీడియోలు ఆపేద్దాం, మాటన్నా సరిగా వస్తుంది" అన్నారు రెబ్కా గారు. మూడు గళ్ళూ నల్లబడ్డాయి. నసీమున్నీసా ఏదో మాట్లాడింది. సిలారు "ఊఁ" అన్నాడు. మళ్ళీ మాట్లాడింది. "ఊఁ" అన్నాడు. "ఊఁ" అనకూడని చోట కూడా అన్నాడు.

"సిలార్ గారూ, ఇప్పుడు ఆవిడ ఏమన్నారో తిరిగి చెప్పండి" అన్నారు రెబ్కా గారు, ఫోను దగ్గరికి తెచ్చుకుని గట్టిగా.

"రానంటంది మేడమ్."

ఆమె అన్నది అది కాదు. "నేను వచ్చేస్తే, రోజుకి పది మాటలన్నా నాతో మాట్లాడతాడా అడగండి" అన్నది.

రెబ్కా గారికి అక్కడ అనుమానం తగిలింది. మొహం కనపడినంతసేపూ ఈ మనిషి అంతో ఇంతో జవాబు చెప్పాడు. మొహం పోగానే మాటా పోయింది. "వచ్చే వారం చెవులకు పెట్టుకునేవి, పెద్ద సైజువి, తెచ్చుకోగలరా?" అని మాత్రం అడిగారు.

మార్కు దగ్గర ఉన్నాయి. సైకిల్ టైర్లంత ఉంటాయి, చర్చి పాటలు వినడానికి కొనుక్కున్నవి. మూడో ఆదివారం అవి తగిలించుకుని, సౌండు ఆఖరిదాకా పెంచి, సిలారు ట్యాంకు వెనక కూర్చున్నాడు. మెట్ల మీద మార్కు కాపలా.

ఇక్కడికి వచ్చేసరికి సిలారు స్టూలు దిగి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, మా ఆవిడ గొంతు! అది గొంతు గాదు, పక్కన కూర్చున్నట్టే! ఊపిరి తీసుకునేది వినపడతంది. గాజులు వినపడతన్నయ్. 'స' అనేటప్పుడు పంటి సందులోంచి చిన్నగా ఈల వస్తది దానికి. పెళ్ళైన కొత్తలో దాన్ని ఎక్కిరించేవాణ్ణి. అది ఎప్పుడు ఆగిపోయిందో గూడా నాకు గుర్తులేదు. ఆగలా అక్కా! వస్తానే ఉంది అన్నేళ్ళూ, నాకే అందలా! ఆ రోజు అది మూడు నిమిషాలు మాట్లాడింది. మొత్తం తిరిగి చెప్పా. ఒక్క ముక్క పోలా. మధ్యలో రెండుసార్లు దగ్గిందని గూడా చెప్పా!"

ఏడ్చేశాడట. మెట్ల మీంచి మార్కు తొంగిచూసి, "ఒరేయ్, తుడుచుకోరా ముందు, నా హెడ్‌ఫోన్లు తడిసిపోతయ్" అని అరిచాడట. అది మాత్రం సిలారుకు వినపడలేదు. తర్వాత మార్కే చెప్పాడు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. రెబ్కా గారు మెత్తగా అడిగారు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"ఏడెనిమిదేళ్ళు."

"మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్."

నసీమున్నీసా ఒక్క మాట అన్నది. "తెలిసే ఊఁ కొట్టావా?" అంతే, మూడో గడి మాయమైపోయింది.

ఎందుకు దాచావని నేనూ అడిగాను. వినపడనివాణ్ణి బ్లేడు దగ్గర ఉంచరన్న భయం ఒకటి. రెండోది సిగ్గు. "చెవిటోడంటే మావోళ్ళకి నవ్వులాటక్కా. నేనూ నవ్వినోణ్ణే." అందుకని ఇంట్లో అందరికంటే ముందు తనే గట్టిగా మాట్లాడేవాడు, అవతలివాళ్ళ వంతు రాకుండా. వంతు వస్తే చెయ్యో, ఊఁ కారమో.

"చెవి సంగతి డాక్టరు చూస్తారు సిలార్ గారూ. దాచిన సంగతి మీరే చూసుకోవాలి" అన్నారట రెబ్కా గారు.

తర్వాత ఐదు ఆదివారాలు ఫోన్లో రెండు గళ్ళే. సిలారు మానలేదు. రెబ్కా గారు అతనికి ఒక పని పెట్టారు. రోజూ భార్యకు ఒక వాయిస్ మెసేజి పంపాలి. రమ్మని బతిమాలకూడదు, తప్పైపోయిందని ఏడవకూడదు. ఆ రోజు తనకు ఏది వినపడలేదో అది మాత్రం చెప్పాలి.

అవి నాకు వినిపించాడు. మొదటివాటిలో గొంతు మైకు ముందు పూనకం వచ్చినట్టు ఉంది. "ఈ రోజు పాలాయన గేటు కొట్టాడంట. వినపడలా. పాలు లేవు." "ఈ రోజు ఉజ్మా ఫోన్ చేసింది. పరీక్ష అన్నదో ఫీజు అన్నదో తెలియలా. మళ్ళీ అడిగా. పరీక్షంట." "ఈ రోజు వాన పడింది. చొక్కాలు తడిసినాక చూశా." "ఈ రోజు మార్కుగాడు నన్ను అరగంట తిట్టాడంట. వెనకనుంచి తిట్టాడు, వినపడలా."

ప్రతి దాని పక్కనా రెండు నీలం గీతలు పడేవి. జవాబు లేదు. పంతొమ్మిది రోజులు లేదు. ఇరవయ్యో రోజు, మార్కు తిట్ల మెసేజికి, వినుకొండ నుంచి నాలుగు సెకన్ల జవాబు వచ్చింది. "అది వినపడకపోయినా నష్టం లేదులే." దాని చివర నవ్వుందో లేదో తేల్చుకోవడానికి తండ్రీ కూతుళ్ళు దాన్ని నలభైసార్లు విన్నారు. ఉందని ఉజ్మా. ఉన్నట్టే ఉందని సిలారు. నాకూ వినిపించాడు. ఉంది.

ఆ తర్వాత పనులు చకచకా కదిలాయి. ఉజ్మా ఒంగోల్లో చెవి డాక్టరుకు చూపించింది. పరీక్ష కాగితం మీద గీత కొండ అంచు నుంచి జారిపడినట్టు కిందికి దిగింది. పోయింది తిరిగి రాదన్నారు, ఉన్నదాన్ని మిషనుతో పెంచుకోవచ్చన్నారు. సిలారు యూనిట్లో మేనేజరు ఎదుట నిలబడి, ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి, "నాకు వినపడదు సార్" అన్నాడు. బ్లేడు దగ్గర్నుంచి తీసి, పలకలు కొలిచి నంబర్లు వేసే పనికి పంపారు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆ వారమే ఇద్దరు పాత వాళ్ళు పక్కకు పిలిచి, "ఆ డాక్టరు పేరేంది బావా?" అని గుసగుసగా అడిగారట.

"ఆ గుసగుస నాకు వినపడిందక్కా! సగమే. మిగతా సగం మళ్ళీ చెప్పమన్నా."

పోయిన ఆదివారం మళ్ళీ మూడు గళ్ళు వెలిగాయి. నసీమున్నీసా తన షరతు చెప్పింది.

"నేను అరవను. అరిచి అరిచి నా గొంతు పాడైంది. వంటగదిలోంచి మామూలుగా పిలుస్తా. వినపడితే పలకాలి. వినపడకపోతే వినపడలేదనాలి. ఎన్నిసార్లన్నా చెబుతా, నాకు విసుగు లేదు. చెయ్యెత్తకూడదు, ఊఁ కొట్టకూడదు. ఒక్క దొంగ ఊఁ విన్నానా, సంచీ సర్దుకుంటా."

సిలారు దాన్ని అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పాడట. రెబ్కా గారు రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టారట.

సిలారు లేచి మళ్ళీ స్టూలెక్కాడు. ఫ్యాను ఆపి, కప్పు వైపు మొహం పెట్టి, డబ్బా మూతి దాని మెడలో దూర్చాడు. మూడు కావస్తోంది. పొయ్యి మీద ఏమీ కనపడకపోవడంతో, "రాత్రికి ఏం వండుతున్నావయ్యా ఆవిడకి?" అని అడిగాను.

"ఊఁ" అన్నాడు సిలారు.

అన్న మరుక్షణమే అతని చెయ్యి ఆగిపోయింది. నూనె చుక్క ఒకటి జారి నేల మీద పడింది. మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. ఇందాకటి నుంచి వెలుగుతున్న మొహం వాడిపోయింది.

"ఏదో అడిగారు గదా?"

"అడిగాను."

"చూశారా? ఇదీ నా రోగం. చెవి గాదక్కా. ఈ ఊఁ. నా ప్రమేయం లేకుండానే వచ్చేస్తది!" గబగబా దిగాడు. గడియారం చూశాడు. చెవి వెనక తడుముకున్నాడు. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చాడు. వచ్చేసరికి మొహంలో మళ్ళీ ఏదో రాజుకుంది.

"గంట టైముంది. లేవండక్కా, మీరొక పని చేసిపెట్టాలి నాకు. మీ గొంతు గూడా మా ఆవిడ గొంతంత సన్నం. వంటగదిలోకి పోయి, పొయ్యి ముందు నిలబడండి. గోడవైపు తిరగాలి, మొహం నాకు కనపడకూడదు. పంపు తిప్పి, గిన్నెలు కడుక్కుంటా ఏదో ఒకటి అడగండి నన్ను. ఉప్పు యాడుందనో, కూర ఏందనో, ఏదన్నా సరే. గట్టిగా అనమాకండి. జాలిపడి అసలు అనమాకండి. నేను పలికితే సరే. వినపడలేదంటే ఇంకా సరే, మళ్ళీ చెప్పండి. ఊఁ అన్నానో, గరిటె తీసుకుని వచ్చేయండి నా మీదికి. పోండక్కా, పోండి, బస్సు ఈపాటికి పొదిలి దాటి ఉంటది."